ఈ నెల నవల: ప్రేమ ఉంది, యుద్ధం ఉంది, దుఃఖానికి చోటు లేదు

స్వర్ణముఖి, తిరుపతి:

మన వేదికలో ఈ నెల చదవడానికి ఎంచుకున్న నవలను నిన్న రాత్రి ముగించాను. రచయితకు ఇది తొలి పుస్తకం. చర్చ మనిషి మీదికి పోకుండా రచన మీదనే నిలవాలన్న మన పాత నియమం ప్రకారం పుస్తకం పేరు, రచయిత పేరు ఇక్కడ రాయడం లేదు. చదవనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. చంద్రగిరి దగ్గర పల్లెలో పుట్టిన అమ్మాయి, తిరుపతిలో చదువుకుంటున్న అబ్బాయి 1940లో పెద్దలను ఒప్పించి పెళ్ళి చేసుకుంటారు. మరుసటి సంవత్సరం, అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాన్ని నిలబెట్టడానికి అతను సైన్యంలో చేరి మలయాకు (నేటి మలేషియాలోని భాగం) వెళ్తాడు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాన్ సేనలకు లొంగిపోయిన తర్వాత అతని జాడ తెలియదు. 1945లో ఆమె ఒక వైద్యుణ్ణి పెళ్ళాడుతుంది. చివరి అధ్యాయంలో మొదటి భర్త రేణిగుంట స్టేషనులో దిగి, ఆమెను దూరం నుంచి చూసి, పలకరించకుండానే వెళ్ళిపోతాడు.

ఇటువంటి కథను మన ప్రాంతం నుంచి ఎవరైనా రాయాలని నేను చాలాకాలంగా కోరుకుంటున్నాను. 1939లో సుమారు 2 లక్షల మంది ఉన్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలకు పెరిగింది. ఆ పెరుగుదలలో మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల నుంచి వెళ్ళినవారు చాలామంది. మన చిత్తూరు జిల్లా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనిదే. దాదాపు 87,000 మంది భారత సైనికులు ఆ యుద్ధంలో ప్రాణాలు కోల్పోయారు. అంతమంది ఇళ్ళల్లో ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పే నవల కోసం ఎదురుచూసినదాన్ని కాబట్టే ఈ పుస్తకం నన్ను ఇంతగా నిరాశపరిచింది.

నా ఫిర్యాదు ఒక్కటే. భర్త ఆచూకీ తెలియలేదని తంతి (టెలిగ్రాం) వచ్చిన అధ్యాయం ఐదు పేజీలు ఉంది. చివరి పేరాలో నాయిక స్పృహ తప్పి పడిపోతుంది. తర్వాతి అధ్యాయం మూడేళ్ళు గడిచాయన్న వాక్యంతో మొదలవుతుంది, అప్పటికే వైద్యుడు ఆమె ఇంటికి వచ్చిపోతున్నాడు. నా దృష్టిలో ఈ నవల జరగవలసింది ఆ మూడేళ్ళలోనే. బతికి ఉన్నాడో లేడో తెలియని మనిషి కోసం ఒక స్త్రీ పొద్దున్నే లేచి ఏం చేసింది, ఎవరితో ఏం మాట్లాడింది, ఏ రోజున ఎదురుచూడడం మానేసింది, లేక మానలేదా అన్న ప్రశ్నలకు ఈ పుస్తకంలో ఒక్క పేజీ కూడా లేదు. ప్రేమను నూట యాభై పేజీలు ఓపికగా చెప్పిన రచయిత, ఆ ప్రేమ పోగొట్టుకున్న దుఃఖం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు ముఖం తిప్పుకున్నారో నాకు అర్థం కాలేదు. మీ అభిప్రాయాలు చెప్పండి.

తొలకరి, చిత్తూరు:

స్వర్ణముఖి గారూ, మీ ఫిర్యాదుతో నేను సగమే ఏకీభవిస్తున్నాను. నేను డిగ్రీ చదువుతున్నాను. యుద్ధ నవలలు ఎక్కువగా చదివినదాన్ని కాను. అయినా ఈ పుస్తకంలో ఒక సన్నివేశం నన్ను వదలడం లేదు. మలయా నుంచి వచ్చిన ఉత్తరంలో కొన్ని వరుసలను సైనిక తనిఖీదారు నల్ల సిరాతో కొట్టివేస్తాడు. నాయిక ఆ నల్లటి వరుసలను దీపానికి అడ్డంగా పెట్టి చదవడానికి ప్రయత్నిస్తుంది. ఏమీ కనబడదు. అప్పుడు ఆ ఖాళీలలో అతను ఏం రాసి ఉంటాడో తానే ఊహించుకుని, అత్తగారికి పైకి చదివి వినిపిస్తుంది. వంటింట్లో తన వంతు పని ముగించుకుని, ఆ పెద్దావిడ మోకాళ్ళ దగ్గర కూర్చుని లేని మాటలను ఉన్నట్టుగా చదవడం నాకు గొప్ప ఘట్టంగా అనిపించింది. దుఃఖం నేరుగా చెప్పకపోయినా అందులో ఉంది. దీన్ని రాయగలిగిన రచయితను పూర్తిగా కాదనడం న్యాయం కాదేమో.

పాకాల జంక్షన్:

ఉత్తరం ఘట్టం బాగుందన్న మాట నిజమే. అయితే నేను రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. కొన్ని విషయాలు కంటికి తగిలితే వాటిని దాటి వెళ్ళలేను.

1941లో నూతన దంపతులు బస్సులో తిరుమల కొండ ఎక్కుతారు. మొదటి ఘాట్ రోడ్డు తెరిచింది 1944లో. అంతకుముందు మెట్లదారిన నడిచి వెళ్ళడమో, నడవలేనివారు డోలీలో వెళ్ళడమో జరిగేది. నాయకుడు శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదువుతున్నట్టు రాశారు. ఆ విశ్వవిద్యాలయం స్థాపించింది 1954లో. ఇంకొకటి, అతను చంద్రగిరిలో ఎక్కిన రైలులోనే నేరుగా మద్రాసులో దిగుతాడు. చంద్రగిరి మీదుగా పోయే లైను ఆ రోజుల్లో తక్కువ వెడల్పు పట్టాల మీటర్ గేజ్. రేణిగుంట నుంచి మద్రాసుకు పోయేది ఎక్కువ వెడల్పు పట్టాల బ్రాడ్ గేజ్. కాబట్టి రేణిగుంటలో దిగి, సామాను దించుకుని, ఇంకో రైలు కోసం వేచి ఉండక తప్పదు.

ఇవి చిన్న తప్పులని కొందరు అనవచ్చు. చివరి తప్పును మాత్రం నేను చిన్నదిగా చూడలేను. యుద్ధానికి వెళ్తున్న భర్తతో రేణిగుంట వరకు వచ్చిన భార్య ఆ ప్లాట్‌ఫారం మీద గంటల తరబడి కూర్చోవలసి వచ్చేది. మాట్లాడుకోవడానికి మాటలు అయిపోయిన తర్వాత కూడా బండి రాని ఆ సమయం రచయితకు దొరికింది. దాన్ని వదిలేసి, చంద్రగిరి స్టేషనులో చేయి ఊపించి పంపేశారు. పైగా చివరి అధ్యాయంలో అతను దిగేది రేణిగుంటలోనే. వెళ్ళేటప్పుడు ఆ ప్లాట్‌ఫారం మీద వారిద్దరినీ కూర్చోబెట్టి ఉంటే, తిరిగి వచ్చినప్పుడు ఆ చోటికి ఒక బరువు ఉండేది. ఇప్పుడు అది ఏదో ఒక స్టేషను.

తొలకరి, చిత్తూరు:

పాకాల జంక్షన్ గారూ, ఘాట్ రోడ్డు సంవత్సరం తప్పయినంత మాత్రాన నవల చెడిపోదని నా అభిప్రాయం. మా వయసువారిలో ఎక్కువమందికి ఆ తేడా తెలియదు. రేణిగుంట గురించి మీరు చెప్పింది మాత్రం అంగీకరిస్తున్నాను.

మాజీ సైనికుడు, పలమనేరు:

అందరికీ నమస్కారం. నేను సాధారణంగా నవలలపై వ్యాఖ్యానించను. ఇందులోని యుద్ధ భాగం చదివాక మౌనంగా ఉండలేకపోయాను.

నాయకుడు మలయా అడవుల్లో ట్యాంకుల దళం ముందు నిలబడి శత్రువు మీదికి దూసుకుపోతాడు. అతని తుపాకీ దెబ్బకు జపాన్ సైనికులు వరుసగా కూలుతారు. జరిగింది ఇంచుమించు దీనికి తలకిందులు. జపాన్ సేనలు 1941 డిసెంబరు 8న మలయా తీరంలోని కోట బహరులో దిగాయి. ట్యాంకులు ఉన్నది వారి పక్షాన. బ్రిటిష్ పక్షాన మలయాలో చెప్పుకోదగిన ట్యాంకులే లేవు. సైన్యాన్ని హడావుడిగా విస్తరించిన రోజులు కావడంతో, అక్కడి భారతీయ పటాలాల్లో అనుభవజ్ఞులను కొత్త పటాలాలకు తీసుకుపోయి, వారి స్థానంలో నిన్నమొన్న చేరిన కుర్రవాళ్ళను నింపారు. వారు దాదాపు రెండు నెలల పాటు చేసింది వెనక్కి నడవడం. పగలు రబ్బరు తోటల్లో కందకాలు తవ్వడం, రాత్రి ఆ కందకాలు వదిలి మరో వాగు వెనక్కి పోవడం, పోతూ పోతూ తాము దాటిన వంతెనను తామే పేల్చివేయడం. మద్రాస్ సాపర్స్ వంటి ఇంజినీరింగ్ దళాల పని అదే. 1942 జనవరి 31న ఆఖరి దళాలు సింగపూరు ద్వీపంలోకి దాటాక ఆ ద్వీపాన్ని మలయాతో కలిపే జొహోరు కట్టను కూడా పేల్చారు. చివరికి సుమారు 85,000 మంది లొంగిపోయారు.

ఓడిపోతున్న సైన్యంలో ఉండడం ఎలా ఉంటుందో చెప్పడానికి రచయితకు ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. ఒక్క గుండు కూడా పేల్చకుండా వంద మైళ్ళు వెనక్కి నడిచిన సైనికుడు భార్యకు ఏమని ఉత్తరం రాస్తాడు? తనిఖీదారు కొట్టివేసిన ఆ నల్లటి వరుసల్లో ఉన్నది బహుశా అదే. తొలకరి గారికి నచ్చిన ఆ ఘట్టానికి యుద్ధ భాగం నుంచి రావలసిన జవాబు రాలేదు, ఎందుకంటే యుద్ధ భాగంలో ఉన్న మనిషికి దాచవలసిన విషయమే లేదు. అతను గెలుస్తూనే ఉన్నాడు.

లొంగుబాటు తర్వాతి మూడేళ్ళ గురించి నవలలో అడవిలో దాక్కున్నాడన్న ఒక్క వాక్యం ఉంది. ఫిబ్రవరి 17న సింగపూరులోని ఫారర్ పార్కులో సుమారు 40,000 మంది భారతీయ సైనికులను ఒకచోట చేర్చి జపాన్ అధికారులకు అప్పగించారు. అక్కడే ఆజాద్ హింద్ ఫౌజులో చేరమన్న పిలుపు వచ్చింది. వేలమంది చేరారు, వేలమంది చేరలేదు. చేరనివారిలో ఎందరినో న్యూగినీ వంటి దూరపు దీవులకు కూలి పనికి తరలించారు, చాలామంది అక్కడే పోయారు. దేశం కోసమా, చేసిన ప్రమాణం కోసమా, ఇంటికి చేరగలనన్న ఆశ కోసమా అన్న ప్రశ్న ఆ మైదానంలో ఉన్న ప్రతి సైనికుడి ముందూ నిలబడింది. మన నాయకుడు మాత్రం ఆ రోజు ఆ మైదానంలో లేడు. రచయిత అతన్ని అక్కడ నిలబెట్టడానికి జంకారని నాకు అనిపిస్తోంది. ఏ పక్షాన నిలబెట్టినా కొందరు పాఠకులకు కోపం వస్తుందని భయపడి ఉండవచ్చు. ఆ భయం ఉన్నవారు ఆ యుద్ధం జోలికి పోకూడదు.

కోర్టు వీధి, చిత్తూరు:

మాజీ సైనికుడు గారి మాటలు చదివాక నా వృత్తికి సంబంధించిన ఒక అంశం చెప్పాలనిపించింది. నేను న్యాయవాదిని.

నాయిక 1945లో రెండో పెళ్ళి చేసుకుంటుంది. వితంతు వివాహాన్ని 1856 నాటి చట్టమే అనుమతించింది కాబట్టి ఇందులో ఇబ్బంది లేదని రచయిత భావించినట్టున్నారు. ఇబ్బంది ఉంది. ఆమె వితంతువు అని ఎవరూ నిర్ధారించలేదు. వచ్చిన తంతిలో ఉన్నది ఆచూకీ తెలియలేదన్న మాట మాత్రమే. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 108వ సెక్షను ప్రకారం, ఒక మనిషి గురించి సహజంగా వినవలసినవారు ఏడేళ్ళ పాటు ఏమీ వినకపోతేనే అతను బతికి ఉన్నాడని నిరూపించవలసిన భారం ఆ మాట అన్నవారి మీద పడేది. శిక్షాస్మృతి 494వ సెక్షను కూడా భర్త బతికి ఉండగా మరో పెళ్ళి చేసుకోవడం నేరమని చెబుతూ, ఏడేళ్ళు జాడ లేని సందర్భాన్ని మినహాయించేది. ఈమెకు గడిచినవి మూడేళ్ళే.

పుస్తకంలో చట్టపరమైన తప్పు ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ రోజుల్లో పల్లెల్లో ఎవరూ సెక్షన్లు చూసి పెళ్ళిళ్ళు చేసుకోలేదు. కానీ ఒక వైద్యుడు, చదువుకున్నవాడు, ఈ ప్రశ్న వేయకుండా ఉంటాడా? ఆమె తండ్రి వేయడా? గ్రామ మునసబు, కరణం ఊరుకుంటారా? ఎవరో ఒకరు ఆమె ముందు కూర్చుని, అమ్మా, అతను పోయాడని నువ్వు ఒప్పుకుంటున్నావా అని అడిగి ఉండాలి. ఆ ఒక్క ప్రశ్నకు ఆమె ఇచ్చే జవాబులో నవల మొత్తం ఉండేది. ఔనంటే అతన్ని తన నోటితోనే చంపినట్టు, కాదంటే తన జీవితాన్ని ఆపివేసినట్టు. రచయిత ఆ ప్రశ్నను ఎవరి చేతా అడిగించలేదు. పెళ్ళి ఒక్క పేజీలో జరిగిపోయింది.

శ్రీకాళహస్తి పాఠకురాలు:

కోర్టు వీధి గారు చెప్పిన ప్రశ్నను మా ఇంట్లో అడిగారు. మా చిన్నవ్వ, అంటే మా నాయనమ్మ చెల్లెలు, భర్త మలయాకు వెళ్ళి తిరిగిరాలేదు. ఇది రాయడానికి నాకు కొంత సంకోచంగా ఉన్నా, ఈ నవలలోని నాయిక స్పృహ తప్పి పడిపోయిన ఆ పేరా చదివినప్పుడు కలిగిన బాధ వల్ల రాస్తున్నాను.

మా చిన్నవ్వ స్పృహ తప్పలేదు. ఆ రోజు పేడతో అలికిన వాకిలి ఇంకా ఆరలేదని, తంతి తెచ్చిన మనిషిని పక్క నుంచి రమ్మన్నదట. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆమెకు ఏ వరుసలోనూ చోటు దొరకలేదు. పెళ్ళిళ్ళలో ముత్తైదువల వరుసలోకి రమ్మని పిలవడానికి బంధువులు జంకేవారు. వితంతువుల పక్కన కూర్చోబెట్టడానికి ఇంకా ఎక్కువ జంకేవారు. అందువల్ల ఆమె పెళ్ళిళ్ళలో ఎప్పుడూ వంటశాలలోనే ఉండేది. వరలక్ష్మీ వ్రతం నాడు తాంబూలానికి పిలిచేవారు కాదు, తామే వచ్చి గడపలో పెట్టి వెళ్ళేవారు. ఆమె బొట్టు తీయలేదు. తీయమని ఎవరూ గట్టిగా చెప్పలేదు, పెట్టుకోమనీ ఎవరూ చెప్పలేదు.

మనిషి పోయిన తిథి తెలియదు కాబట్టి తద్దినం పెట్టడం కుదరదు. అటువంటివారికి మహాలయ అమావాస్య నాడు పెట్టవచ్చని పురోహితులు చెప్పారు. దానికన్నా ముందు, దర్భలతోనూ మోదుగ ఆకులతోనూ మనిషి రూపం చేసి దహనం జరిపించాలని మా పెద్దవాళ్ళు ఆలోచించారు. దేహం దొరకనివారికి చేసే విధి అది. జాడ తెలియనివారి కోసం పన్నెండేళ్ళు ఎదురుచూడమని కొన్ని ధర్మశాస్త్ర గ్రంథాల్లో ఉందని, ఆ గడువు కూడా దాటిందని ఆమెకు నచ్చచెప్పారు. ఆమె ఒప్పుకోలేదు. వాదించలేదు కూడా, దర్భలు తెచ్చిన రోజున పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

నాయిక మళ్ళీ పెళ్ళి చేసుకోవడం మీద నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు. మా చిన్నవ్వకు కూడా ఎవరైనా ఆ దారి చూపించి ఉంటే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను. నా బాధ వేరు. ఈ నవలలో అత్తగారు, తల్లి, ఇరుగుపొరుగు, పురోహితుడు, ఎవరికీ ఆమె పరిస్థితి ఒక సమస్య కాలేదు. ఊరంతా ఆమె కోసం దారి తప్పుకుని నిలబడింది. అటువంటి ఊరు మా జిల్లాలో ఉండి ఉంటే మా చిన్నవ్వ అక్కడికే వెళ్ళేది.

భారతం మిట్ట, పూతలపట్టు:

శ్రీకాళహస్తి అమ్మగారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మా వైపు ధర్మరాజుల గుళ్ళలో ఎండాకాలం జరిగే భారతం ఉత్సవాలు ఈ వేదికలో చాలామందికి తెలుసు. పగలు హరికథ, రాత్రి తెల్లవారేదాకా వీధినాటకం. పద్దెనిమిది రోజుల యుద్ధాన్ని ఒక్క రాత్రిలో ముగించాలని మా ఊళ్ళో ఎవరూ కోరరు. అర్జునుడు తపస్సు కోసం చెట్టెక్కే తపస్సు మాను, కీచక వధ, అభిమన్యుడి మరణం, ఇలా ఒక్కొక్కటే దాటుకుంటూ దుర్యోధన వధకు చేరేసరికి, మిట్ట మీద మట్టితో పోసిన ఆ భారీ విగ్రహం చుట్టూ చేరిన జనానికి అక్కడ ఒక శత్రువు పడిపోయాడన్న సంతోషం మాత్రమే ఉండదు. అంతకాలం కూర్చుని చూసినవారికి ఆ వంశం అంతా తెలిసినవాళ్ళయిపోతారు.

తిక్కన స్త్రీపర్వాన్ని చదివినవారికి నేను చెప్పబోయేది తెలుస్తుంది. యుద్ధం అయిపోయాక గాంధారి రణరంగాన్ని చూస్తూ కృష్ణుడికి ఒక్కొక్కరినీ చూపిస్తుంది. ఉత్తర అభిమన్యుడి శవం దగ్గర, దుస్సల సైంధవుడి తల కోసం వెతుకుతూ, భూరిశ్రవుడి భార్య అతని తెగిన చేతిని ఒడిలో పెట్టుకుని. ఒక్కో స్త్రీ దగ్గర కవి ఆగుతాడు. ఆ ఏడుపులో ప్రేమ ఎంత ఉందో అక్కడే తెలుస్తుంది. పెళ్ళి ఘట్టాల్లో తెలియదు. ఆ తర్వాత కూడా కథ ముందుకు పరుగెత్తదు. గెలిచిన ధర్మరాజు దుఃఖం తీర్చడానికి శాంతి పర్వం, ఆనుశాసనిక పర్వం రెండూ కావలసి వచ్చాయి.

మన కథా సంప్రదాయం దుఃఖానికి ఇంత చోటు ఇచ్చింది. ఈ రచయిత ఎదిగింది కూడా ఈ ప్రాంతంలోనే అని పుస్తకం వెనుక అట్ట మీద ఉంది. ఒక్క ఎండాకాలం అయినా ఏదో ఒక మిట్ట మీద కూర్చున్నవారే అయి ఉంటారు. అందుకే నాకు కోపం కన్నా దిగులు ఎక్కువగా ఉంది.

పాకాల జంక్షన్:

ఊరంతా దారి తప్పుకుని నిలబడిందన్న మాటకు నేను ఒకటి జోడిస్తాను. ఆ మూడేళ్ళలో ఊళ్ళు ప్రశాంతంగా కూడా లేవు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ భయంతో మద్రాసు నగరం చాలావరకు ఖాళీ అయి, జనం లోపలి జిల్లాల్లోని బంధువుల ఇళ్ళకు తరలిపోయారు. బర్మా చేజారడంతో అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. కంట్రోలు, రేషను మొదలయ్యాయి. ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. భర్త బ్రిటిష్ సైన్యంలో, పక్కింటి కుర్రవాడు బ్రిటిష్ జైల్లో ఉన్న వీధిలో ఆ స్త్రీ నీళ్ళకు వెళ్ళేటప్పుడు ఎవరు పలకరించేవారు, ఎవరు మొహం తిప్పుకునేవారు? మూడేళ్ళు గడిచాయన్న ఒక్క వాక్యం ఇదంతా మింగేసింది. భర్త తరఫున నెలనెలా వచ్చే డబ్బు ఏమైందో కూడా తెలియదు. అప్పుల కోసమే సైన్యంలో చేరిన మనిషి కదా. ఆ అప్పుల ప్రస్తావన మళ్ళీ రాలేదు.

తొలకరి, చిత్తూరు:

అందరూ పెద్దవారు, చెప్పిన విషయాలన్నీ విలువైనవే. నేను ఒక సందేహం అడుగుతాను. మూడేళ్ళ దుఃఖాన్ని రెండు వందల పేజీల్లో రాస్తే మా తరం చదువుతుందా? ఏమీ జరగని పేజీలు చదవడం కష్టం. భారతం ఉత్సవంలో కూడా మధ్య మధ్య హాస్యగాడు వస్తాడు కదా. ఈ రచయిత పాఠకులు విసుగు చెందుతారని భయపడి ఉంటే, ఆ భయంలో కొంత నిజం ఉందని నా ఉద్దేశం.

స్వర్ణముఖి, తిరుపతి:

తొలకరీ, నీ సందేహం చాలా సరైనది. దానికి జవాబు నువ్వే మొదటి రోజు చెప్పావు. నల్ల సిరాతో కొట్టివేసిన ఉత్తరం ఘట్టం ఎన్ని పేజీలో చూడు. మూడు పేజీలకు మించి లేదు. అయినా అది నిన్ను వదలలేదు. శ్రీకాళహస్తి గారి చిన్నవ్వ కథ ఈ వేదికలో నాలుగు పేరాలు. దర్భలు తెచ్చిన రోజున ఆమె పుట్టింటికి వెళ్ళిపోయిందన్న ఒక్క వాక్యంలో పన్నెండేళ్ళు ఉన్నాయి. నేను అడుగుతున్నది పేజీల సంఖ్య పెంచమని కాదు. ఏమీ జరగలేదని రచయిత అనుకున్న చోట చాలా జరిగింది. పురోహితుడు వచ్చాడు, బంధువులు తాంబూలం గడపలో పెట్టి వెళ్ళారు, బియ్యం దొరకలేదు, ఎవరో ఒక ప్రశ్న అడిగారు. ఇవి సంఘటనలే. నాయిక స్పృహ తప్పడం అన్నిటికన్నా తక్కువ సంఘటన, ఎందుకంటే స్పృహలో లేని మనిషి గురించి రాయవలసింది ఏమీ ఉండదు. ఆ పేరాలో రచయిత తప్పించుకున్నారని నా నమ్మకం.

అత్తగారి పాత్ర విషయంలో కూడా నాకు ఇదే బాధ. ఊహించి చదివిన ఉత్తరాన్ని ఆ పెద్దావిడ నమ్మిందా, నమ్మినట్టు నటించిందా? కొడుకు పోయిన తల్లికీ, భర్త పోయిన కోడలికీ మధ్య ఆ అబద్ధం ఒక బంధం అయి ఉండాలి. తంతి వచ్చాక అత్తగారు నవలలో మళ్ళీ కనిపించదు. ఆమె బతికి ఉందో లేదో కూడా రచయిత చెప్పలేదు.

మాజీ సైనికుడు, పలమనేరు:

చివరి అధ్యాయం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అతను ఆమెను దూరం నుంచి చూసి వెళ్ళిపోవడాన్ని త్యాగంగా చూపించారు. నాకు అది త్యాగంగా తోచలేదు. ఏళ్ళ తరబడి దూరంగా ఉండి ఇంటికి వచ్చిన మనిషికి ముందుగా కావలసింది తల్లి. ఆమె ఉన్న ఊరికి అరపూట ప్రయాణం దూరంలో దిగి, భార్య మళ్ళీ పెళ్ళాడిందని తెలిసి వెనుదిరిగేవాడు తల్లిని చూడకుండా పోతాడా? స్వర్ణముఖి గారు అన్నట్టు అత్తగారిని రచయిత మరిచిపోయారు కాబట్టి కొడుకు కూడా మరిచిపోయాడు.

ఇంకొక విషయం. 1945 చివర తిరిగి వచ్చిన సైనికుడికి రావలసిన జీతం బకాయిలు, పత్రాలు, విచారణలు ఉంటాయి. అతని పేరు మృతుల జాబితాలోనో, ఆచూకీ తెలియనివారి జాబితాలోనో ఉంటే దాన్ని సరిచేయించాలి. ప్రభుత్వం దృష్టిలో బతికినవాడు కావడానికే అతనికి నెలలు పడుతుంది. ఎవరికీ తెలియకుండా మాయమవడం అంత సులభం కాదు.

శ్రీకాళహస్తి అమ్మగారికి ఒక మాట. సింగపూరులోని క్రాంజి స్మారకం గోడల మీద, సమాధి దొరకని 24,000 మందికి పైగా కామన్వెల్త్ సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. భారత సైనికుల పేర్లు కూడా వాటిలో ఉన్నాయి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వెబ్‌సైట్‌లో పేరు, పటాలం ఇచ్చి వెతకవచ్చు. ఇంగ్లీషులో అక్షరాలు రకరకాలుగా రాసి ఉంటారు కాబట్టి ఒకటికి రెండు రకాలుగా ప్రయత్నించండి. ఆయన సర్వీసు నంబరు ఎక్కడైనా పాత కాగితాల్లో దొరికితే పని సులభమవుతుంది. కావాలంటే నేను సాయం చేస్తాను.

శ్రీకాళహస్తి పాఠకురాలు:

ధన్యవాదాలు అన్నా. ఆయన పేరు మీద వచ్చిన పాత మనియార్డరు కాగితాలు కొన్ని మా అన్నగారి దగ్గర ఉన్నాయి. వాటిలో నంబరు ఉందేమో చూసి మీకు విడిగా రాస్తాను.

తొలకరి, చిత్తూరు:

స్వర్ణముఖి గారి జవాబు నాకు నచ్చింది. పుస్తకం మొదటి భాగం పట్ల నా ఇష్టం మాత్రం మారలేదు. మా అమ్మకు ఆ భాగం వరకు చదివి వినిపిస్తున్నాను. ఒక ప్రతిపాదన చేస్తాను. ఈ చర్చలోని అంశాలతో మన వేదిక తరఫున రచయితకు ఒక ఉత్తరం రాద్దాం. రెండో ముద్రణ వచ్చేలోగా అందితే ఉపయోగపడవచ్చు. మెచ్చుకోవలసినది మొదట, అంటే ఉత్తరం ఘట్టం గురించి, నేను రాస్తాను.

కోర్టు వీధి, చిత్తూరు:

మంచి ఆలోచన. రెండో పెళ్ళి గురించి ఒక పేజీ నేను రాసి ఇస్తాను. సెక్షన్ల సంఖ్యలు తగ్గించి, ఎవరో ఒకరు ఆమెను అడగవలసిన ప్రశ్న మీదనే నిలుపుతాను.

పాకాల జంక్షన్:

ఘాట్ రోడ్డు, విశ్వవిద్యాలయం, రేణిగుంటలో రైలు మారడం, ఈ మూడూ నేను రాస్తాను. మూడోదానికి ఎక్కువ చోటు కావాలి.

స్వర్ణముఖి, తిరుపతి:

ఆదివారం లోపల అందరూ మీ భాగాలు పంపండి. మాజీ సైనికుడు గారూ, ఫారర్ పార్కు గురించి మీరు తప్పకుండా రాయాలి. అది లేకపోతే ఉత్తరం అసంపూర్ణం. అత్తగారి గురించి, ఆ మూడేళ్ళ గురించి నేను రాస్తాను. శ్రీకాళహస్తి గారు అనుమతిస్తే దర్భలు తెచ్చిన రోజు సంగతి పేర్లు లేకుండా అందులో చేరుస్తాను, అనుమతించకపోతే చేర్చను.

శ్రీకాళహస్తి పాఠకురాలు:

చేర్చండి. మా అన్నగారిని కూడా అడిగాను, ఆయన ఒప్పుకున్నారు. తాంబూలం గడపలో పెట్టి వెళ్ళిన సంగతి కూడా రాయండి, అది వదలవద్దు.